మింగని మార్ఫిన్: మూత్ర పరీక్షల చరిత్ర

నొప్పికి వైద్యుడు రాసిచ్చిన కోడీన్ బిళ్ళను మీరు వేసుకున్నారనుకోండి. మర్నాడు ఉద్యోగ నియామకం కోసం మూత్ర పరీక్ష చేస్తే అందులో కోడీన్‌తో పాటు మార్ఫిన్ కూడా కనబడుతుంది. మీరు మింగని ఆ మార్ఫిన్‌ను తయారుచేసింది మీ కాలేయమే. ఒకటి రెండు రోజులు గడిస్తే కొందరిలో కోడీన్ కన్నా మార్ఫినే ఎక్కువగా మిగులుతుంది. హెరాయిన్ పుచ్చుకున్నవారి మూత్రంలో చివరకు మిగిలేదీ అదే. రోగినీ వ్యసనపరుణ్ణీ ఒకే గాటన కట్టే ఈ చిక్కు చాలాకాలం వేధించింది.

1970లో స్పెక్టర్, పార్కర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు యాంటీబాడీల సాయంతో మార్ఫిన్‌ను కొలిచే విధానాన్ని ప్రకటించారు. యాంటీబాడీ అణువు ఆకారాన్ని బట్టి పట్టుకుంటుందే గాని, అది మందుల దుకాణం నుంచి వచ్చిందో చీకటి బజారు నుంచి వచ్చిందో దానికి తెలియదు. మరుసటి ఏడే, 1971 జూన్‌లో, వియత్నాం నుంచి స్వదేశానికి మరలే అమెరికా సైనికులకు నిక్సన్ ప్రభుత్వం మూత్ర పరీక్షను తప్పనిసరి చేసింది. అందులో హెరాయిన్ జాడ కనబడినవారికి ముందు చికిత్స, తరువాతే విమానం. 'ఆపరేషన్ గోల్డెన్ ఫ్లో' అని దానికి పేరు! సైనికుల హాస్యానికి లోటేముంది?

రీగన్ 1986 నాటి ఉత్తర్వుతో ఈ పరీక్ష అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలోకి వచ్చింది. 1988 నిబంధనలు మిల్లీలీటరుకు 300 నానోగ్రాములను హద్దుగా నిర్ణయించాయి. ఆ హద్దును దాటడానికి మాదకద్రవ్యమే అక్కరలేదు, గసగసాలు చల్లిన రొట్టె చాలు. మన ఇళ్ళలో కూరలలోనూ పాయసంలోనూ ధారాళంగా వేసుకునే గసగసాలే అవి. నల్లమందు మొక్క గింజలు. అందుకే 1998లో హద్దును 2000కు పెంచి, హెరాయిన్ నుంచి మాత్రమే పుట్టే 6-అసిటైల్ మార్ఫిన్ కోసం విడిగా వెదకడం మొదలుపెట్టారు. అయితే అది కొన్ని గంటల్లోనే మూత్రం నుంచి మాయమవుతుంది. కనుక అది కనబడకపోయినంత మాత్రాన హెరాయిన్ వాడలేదని రుజువు కాదు.

దీనికి విపర్యయమైన పొరపాటు మరింత బాధాకరం. ఆక్సీకోడోన్, ఫెంటనిల్, ట్రమడాల్ వంటి మందుల ఆకారం వేరు. మార్ఫిన్ కోసం తయారైన యాంటీబాడీ వాటిని సరిగా పట్టలేదు. ఆక్సీకోడోన్ క్రమం తప్పకుండా వేసుకునే క్యాన్సర్ రోగికి ఫలితం 'లేదు' అని రావచ్చు. అప్పుడు బిళ్ళలు అమ్ముకుంటున్నాడన్న నింద ఆ రోగి మీద పడుతుంది. ఆక్సీకాంటిన్ 1996లోనే బజారుకు వచ్చినా, అమెరికా ప్రభుత్వ పరీక్షలలో ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్‌లకు చోటు దక్కింది 2017లో. ఇంత జాప్యాన్ని నేను సమర్థించలేను.

ఆ నిబంధనలలో నాకు నచ్చినది ఒకటుంది. తొలి పరీక్షలో దొరికినదాన్ని అణువుల బరువును బట్టి గుర్తించే యంత్రంతో నిర్ధారించాలి. ఆ పైన ఒక వైద్యుడు అభ్యర్థితో మాట్లాడి, మందుచీటీ ఉన్నదో లేదో విచారించాలి. అమెరికాలో ఉద్యోగంలో చేరబోయే మన పిల్లలు ఆ చీటీని, మందు సీసాను భద్రపరచుకోవాలి. పరీక్షకు భయపడి మందును తమంతట తాము మానరాదు. క్రీడాకారులు మరింత జాగ్రత్త వహించాలి: 2024 జనవరి 1 నుంచి పోటీల సమయంలో ట్రమడాల్ నిషిద్ధం.