ఎస్టిమేటర్ కన్ను

రాజా దీన్‌దయాళ్ మీద వచ్చే వ్యాసాలు చాలావరకు నిజాం దర్బారులోనే మొదలవుతాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, పులివేటలు, ఫలక్‌నుమా, 1894లో దక్కిన ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు. ఆ వైభవం సరే. నా మనసు మాత్రం 1874 మీదకి పోతుంది. అప్పుడే కెమెరా పట్టుకోవడం నేర్చుకుంటున్నాడాయన. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగి: హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. వయసు ముప్పై. మీరట్ దగ్గర సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టి, రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, సర్కారు కొలువులో కుదురుకున్నవాడు. అంటే ఇంజనీరింగ్ చేసి, జాబ్ తెచ్చుకుని, ఆ తర్వాత కెమెరా కొన్న బాపతు. ఈ బాపతు మనుషులు నాకు బాగా తెలుసు, నేనూ అందులోనే ఉన్నాను కాబట్టి.

కాకపోతే అప్పటి హాబీ మనదంత సుఖమైనది కాదు. గాజుపలక మీద కొలొడియన్ పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అంతా నిమిషాల్లో అయిపోవాలి, ఎండాకాలం ఇంకా తొందరగా. గుడి ఫొటో కావాలంటే చీకటి గుడారం, మందుసీసాలు, నీళ్లు, పలకలు అన్నీ గుడి దాకా మోసుకెళ్లాలి. ముందే తయారుచేసి పెట్టుకునే డ్రై ప్లేట్లు 1880 ప్రాంతంలో గానీ వాడకంలోకి రాలేదు. ఇంత కష్టం ఉన్నచోట ‘ముందు నాలుగొందలు తీసేద్దాం, స్టైల్ అదే వస్తుంది’ అనుకోవడం కుదరదు. ప్రతి పలకకీ ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాలి.

ఆయన గొంతు ఆ నిలబడే చోటులోనే ఉందని నేననుకుంటాను. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు, బ్రిటిష్ ఏజెంట్ సర్ హెన్రీ డేలీ ఆయన్ని మొదట్లో ప్రోత్సహించారు. 1882లో డేలీ తర్వాతి ఏజెంటు సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ తిరిగాడు. ఆ రోజుల ఫొటోలతోనే 1886లో గ్రిఫిన్ పుస్తకం ‘ఫేమస్ మాన్యుమెంట్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’ వచ్చింది. గ్వాలియర్ కోట గోడల్ని చూడండి, నిలువు గీత నిలువుగానే ఉంటుంది. ఫోన్ పైకెత్తి చార్మినార్‌ని తీస్తే మీనార్లు వెనక్కి వాలిపోతాయి కదా, ఆ వాలు ఇక్కడ కనిపించదు. కెమెరా వెనక పలకని నేలకి నిటారుగా ఉంచి, తగినంత దూరం, తగినంత ఎత్తు వెతుక్కుని తీస్తేనే అలా వస్తుంది. గోడ ఎంత మందమో, మెట్టు ఎంత ఎత్తో ఫొటో చూసి అంచనా కట్టొచ్చు. ఎస్టిమేటర్ పనే అది. తనలోకి తొంగిచూసుకుని తెచ్చుకున్న శైలి కాదు, పగలంతా ఆఫీసులో చేసే పని నుంచి వచ్చిన చూపు.

మిగతా కథ వేగంగా సాగిపోతుంది. సెలవు పెట్టడం, ఆపై ఉద్యోగమే వదిలేయడం, సికింద్రాబాద్‌లో స్టూడియో, 1896లో బొంబాయిలో ఇంకొకటి. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం పెట్టిన జనానా స్టూడియోని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ నడిపింది. అక్కడి ఫొటోలకి కన్ను ఆమెది, పేరు కంపెనీది. ‘పర్సనల్ వాయిస్’ అనే మాట ఇక్కడ కాస్త ఇబ్బంది పడుతుంది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది ఔరంగాబాద్ ఫొటోలతో. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కరువు వచ్చినప్పుడు నిజాం సర్కారు చేపట్టిన సహాయపు పనుల్ని దీన్‌దయాళ్ స్టూడియో ఫొటోలు తీసింది. ప్రభువు చేసిన ‘గుడ్ వర్క్స్’కి రికార్డు అన్నమాట. ఇవి చూసేటప్పుడు నాకు విల్లోబీ వాలస్ హూపర్ గుర్తొస్తాడు. 1876–78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీని, అందులో మన రాయలసీమనీ తుడిచిపెట్టినప్పుడు, ఈ సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. అన్నం పెట్టకుండా ఫొటో ఏంటని ఆ రోజుల్లోనే తిట్టుకున్నారు. అవి చూస్తే కడుపులో దేవేస్తుంది. దీన్‌దయాళ్‌వి అలా ఉండవు. దూరం కుదిరింది, వరస కుదిరింది, వెలుతురు కుదిరింది. ఆకలి కూడా ఒక ‘వర్క్’ లాగా, ఎవరో బాధ్యత తీసుకుని నడిపిస్తున్న పనిలాగా కనిపిస్తుంది.

హూపర్ ఫొటోల్లోని క్రూరత్వం ఇక్కడ లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎదుటి మనిషి దీనత్వాన్ని దగ్గరికి లాగి చూపించకపోవడం ఒకరకంగా మర్యాదే. కానీ ఆ మర్యాద డబ్బిచ్చినవాడికి ఎంత అనుకూలమో కూడా చూడాలి. కోటగోడకి న్యాయం చేసిన దూరమే కరువుమనిషికి అన్యాయం చేసిందా? నేను చాలాసార్లు ‘అవును’ దగ్గరే ఆగుతాను. అయితే ప్రభువు ఖర్చుతో తీసిన ఆ పలకలు లేకపోతే, ఔరంగాబాద్‌లో ఆ రోజున పని అడుక్కోవడానికి వచ్చిన ఆ ముఖాలు మనకి ఉండేవే కావు. పెద్దది చేసి చూస్తే వరసలో ఒకరిద్దరు అధికారుల వైపు కాకుండా తిన్నగా లెన్సులోకి చూస్తున్నారు.