శస్త్రచికిత్సకు ముందు నిద్రలేమి

శస్త్రచికిత్సకు ముందు రోజులలో రోగికి తగినంత నిద్ర లేకపోవడాన్ని శస్త్రచికిత్సకు ముందు నిద్రలేమి అంటారు. భయం, నొప్పి, ఆసుపత్రిలోని వెలుతురు, శబ్దాలు దీనికి సాధారణ కారణాలు. ఒక్క రాత్రి నిద్ర పట్టకపోవడం కంటే చాలాకాలంగా ఉన్న నిద్రలేమి, నిద్రలో ఊపిరి ఆగే వ్యాధి ఎక్కువ గమనించదగినవి.

మత్తుపై ప్రభావం

మత్తు ఇవ్వడాన్ని వాడుకలో నిద్రపుచ్చడం అంటారు గాని, రెండూ ఒకటి కావు. నిద్రించేవారిని తట్టి లేపవచ్చును. పూర్తి మత్తులో ఉన్నవారు కత్తి గాటుకు కూడా మేల్కొనరు. అయితే కొన్ని మత్తుమందులు మెదడులో నిద్రకు సంబంధించిన నాడీమార్గాలపైనే పనిచేస్తాయి. 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 24 గంటలు నిద్రలేని ఎలుకలు ప్రొపోఫాల్, ఐసోఫ్లురేన్ మందులకు త్వరగా లొంగి, ఆలస్యంగా తేరుకున్నాయి. ఈ ఫలితాన్ని మనుషులకు యథాతథంగా అన్వయించరాదు.

నొప్పిపై ప్రభావం

నిద్ర తగ్గితే నొప్పిని ఓర్చుకొనే శక్తి తగ్గుతుంది. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులు 8 గంటలు పడుకున్నప్పటి కంటే, 4 గంటలే పడుకున్నప్పుడు వేడి నుండి వేలిని త్వరగా వెనక్కు తీసుకున్నారు. శస్త్రచికిత్స తరువాత నొప్పి నిద్రను చెడగొట్టగా, నిద్రలేమి నొప్పిని మరింత పెంచుతుంది.

గురక, శ్వాస

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోయే వ్యాధి చాలామందిలో బయటపడకుండానే ఉంటుంది. మత్తుమందులు ఈ కండరాలను మరింత సడలిస్తాయి. మార్ఫిన్ వంటి నొప్పి మందులు శ్వాసను మందగింపజేస్తాయి. రెండూ కలిసినప్పుడు ప్రాణాపాయం కలుగవచ్చును. ఇటువంటి రోగులను ముందుగా గుర్తించడానికి కెనడాలోని టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం రూపొందించిన ప్రశ్నావళి 2008లో ప్రచురితమైంది. స్టాప్-బ్యాంగ్ అనే ఈ ప్రశ్నావళిలో గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం, రక్తపోటు, స్థూలకాయం, వయసు, మెడ చుట్టుకొలత, లింగం గురించి 8 ప్రశ్నలుంటాయి. 3 లేదా అంతకు మించి అవును అని వస్తే వ్యాధి ఉండే అవకాశమున్నట్లు భావిస్తారు.

కోలుకొనే దశ

పెద్ద శస్త్రచికిత్స తరువాత మొదటి రాత్రులలో కలలు వచ్చే దశ నిద్ర బాగా తగ్గి, తరువాతి రాత్రులలో పెరుగుతుంది. వృద్ధులలో నిద్రలేమితో పాటు తాత్కాలికంగా మతి తప్పడం, మనుషులను గుర్తుపట్టలేకపోవడం కనిపించవచ్చును. రాత్రివేళ దీపాలు, శబ్దాలు తగ్గించడం, పగలు కళ్ళజోడు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచడం మేలు చేస్తాయి.

జాగ్రత్తలు

* గురక, నిద్రలేమి, వాడుతున్న నిద్రమాత్రల గురించి మత్తు వైద్యునికి ముందే తెలపాలి. గురక సంగతి రోగికంటే ఇంటివారికే బాగా తెలుస్తుంది.
* నిద్ర కోసం మద్యం గాని, సొంతంగా మాత్రలు గాని తీసుకొనరాదు.
* రోజూ వాడే నిద్రమాత్రలను వైద్యుని అడగకుండా హఠాత్తుగా మానరాదు.
* నిద్రలో వాడే శ్వాసయంత్రం ఉన్నవారు దానిని ఆసుపత్రికి వెంట తీసుకువెళ్ళాలి.