మంట నేర్పిన పాఠము: ఢీకొను కార్లలో పెట్రోలు టాంకు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఊరి ఉత్సవముల సమయమున “డిమాలిషన్ డెర్బీ” అను ఒక వింత పోటీ జరుగుచుండును. ఇందులో అందరికంటె ముందు గమ్యమును చేరుటతో పని లేదు. పాతబడిన కార్లు కొన్ని ఒక చిన్న మైదానములో దిగి, ఒకదానినొకటి ఢీకొనును. చిట్టచివరకు కదలగలిగి మిగిలిన కారుదే గెలుపు. 1950 దశకములో ఈ ఆట వ్యాప్తిలోనికి వచ్చినది. న్యూయార్కు రాష్ట్రమందలి ఐస్లిప్ పందెపు మైదానము దీనికి పేరుగాంచినది. 1960 దశకములో అచటి పోటీలను టెలివిజనులో కూడ చూపిరి.

ఢీకొనుటకే దిగిన కారులో పెట్రోలును ఎక్కడ, ఎట్లు ఉంచవలెను? చూచుటకు చిన్న ప్రశ్న. కాని ఇంజనీర్లకు దీని జవాబు యుద్ధ విమానముల నుండి, పందెపు బాటల నుండి, కొందరి ప్రాణనష్టము నుండి లభించినది.

డెర్బీలో కారు నడుపువాడు ఎక్కువగా వెనుకకు నడిపి, కారు వెనుక భాగముతోనే ఎదుటివానిని గుద్దును. ముందుభాగముతో గుద్దినచో రేడియేటరు పగిలి, నీరు కారిపోయి, ఇంజను వేడెక్కి ఆగిపోవును. కాని ఆనాటి అమెరికా కార్లలో పెట్రోలు టాంకు సాధారణముగా వెనుకనే, డిక్కీ క్రింద ఉండెడిది. అది పలుచని రేకుతో చేసినది. కనుక ఇంజనును కాపాడు ఉపాయమే మనిషి ప్రాణమునకు ముప్పు తెచ్చునదైనది.

ఇక్కడ పెట్రోలు స్వభావమును కొంత తెలిసికొనవలెను. మండునది పెట్రోలు ద్రవము కాదు, దాని ఆవిరి. సున్నకు 40 డిగ్రీల సెంటిగ్రేడు దిగువ చలిలో సైతము, నిప్పురవ్వ తగిలిన అంటుకొనుటకు చాలినంత ఆవిరి పెట్రోలు నుండి వెలువడును. గాలిలో ఈ ఆవిరి నూటికి సుమారు 1.4 పాళ్ల నుండి 7.6 పాళ్ల వరకు ఉన్నప్పుడు మంట అంటుకొనును. అది గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అందువలన పైకి పోక, నేలను అంటి ప్రాకి, దూరముననున్న వేడి పొగగొట్టమును గాని నిప్పురవ్వను గాని చేరగలదు.

ఈ ప్రమాదమును మొదట తీవ్రముగా ఎదుర్కొన్నవారు విమాన చోదకులు. రెండవ ప్రపంచ యుద్ధములో తుపాకి గుండు తగిలిన టాంకు నుండి పెట్రోలు కారి విమానములు తగులబడుచుండెడివి. దీనికి రబ్బరు రసాయన శాస్త్రము ఒక ఉపాయమును చూపినది. టాంకు గోడలో గట్టి రబ్బరు పొరల నడుమ, గంధకముతో గట్టిపరచని పచ్చి రబ్బరు పొరను అమర్చిరి. పచ్చి రబ్బరు పెట్రోలు తగిలిన వెంటనే దానిని పీల్చుకొని ఉబ్బును. ఆ ఉబ్బుతో గుండు చేసిన రంధ్రము తనంతట తానే పూడిపోవును.

ఈ జ్ఞానము విమానములలో ఉండగనే పందెపు కార్లు చాలకాలము మామూలు టాంకులతోనే పరుగెత్తినవి. 1964 మే నెలలో రెండు దుర్ఘటనలు జరిగినవి. మే 24న షార్లెట్ నగరపు పందెములో ఫైర్‌బాల్ రాబర్ట్స్ అను ప్రసిద్ధ చోదకుని కారు తలక్రిందులై అంటుకొన్నది. కాలిన గాయములతో అతడు జూలై 2న మరణించెను. మే 30న ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెము రెండవ చుట్టులోనే డేవ్ మెక్డొనాల్డ్ కారు గోడకు కొట్టుకొని భగ్గున మండినది. ఆ మంటలలోనికి వచ్చి దానిని ఢీకొన్న ఎడ్డీ సాక్స్ కూడ ప్రాణము కోల్పోయెను. ఆ రెండు కార్లలోను ఉన్నది పెట్రోలే.

మరుసటి సంవత్సరము నుండి ఇండియానాపోలిస్‌లో పెట్రోలుకు బదులు మెథనాల్ వాడుకలోనికి వచ్చినది. మెథనాల్ నీటిలో కలియును గనుక దాని మంటను నీటితో ఆర్పవచ్చును. అయితే పట్టపగలు ఆ మంట కంటికి సరిగా కనబడదు. ఒక కీడును తగ్గించిన మార్పు మరియొక జాగ్రత్తను కోరినది.

ఆ కాలముననే “ఫ్యూయల్ సెల్” అను కొత్త టాంకు పందెపు కార్లలో ప్రవేశించినది. విద్యుత్తును పుట్టించు ఫ్యూయల్ సెల్ వేరు, ఇది వేరు. ఇందులో బలమైన నేతబట్టకు రబ్బరు పట్టించి చేసిన సంచి, దాని చుట్టు లోహపు పెట్టె, సంచిలోపల స్పంజివంటి నురుగు పదార్థము ఉండును. దెబ్బ తగిలినప్పుడు రేకు చిరుగును, సంచి మాత్రము వంగి ఊరకుండును. నురుగు పెట్రోలును ఒక్క ఉదుటున చిమ్మనీయదు, లోపల మంట వ్యాపించుటను కూడ అడ్డగించును. కారు బోర్లపడినచో గాలిగొట్టమును మూసివేయు కవాటము కూడ ఉండును.

డెర్బీలో దిగువారు ఎక్కువమంది సామాన్యులు. ఇట్టి ఖరీదైన టాంకులు అందరికి అందవు. కాని దానిలోని సూత్రమును ఆచరించుటకు పెద్ద ధనము అక్కరలేదు. వారు పాత టాంకును ఊడదీసి పారవేయుదురు. మోటారు పడవలలో వాడునట్టి చిన్న టాంకును వెనుక సీటు తీసివేసిన చోట, తలుపులకు ఎడముగా, ఇనుప పట్టీలతో, బోల్టులతో నేలరేకునకు బిగింతురు. అందులో పోయునది కొద్ది గాలన్లు మాత్రమే. ఇంధనపు గొట్టము వేడి పొగగొట్టమునకు దూరముగా పోవలెను.

టాంకును మనిషికి దగ్గరగా తెచ్చుట అపాయము కాదా అని విద్యార్థులు అడుగవచ్చును. దెబ్బ తగులునది కారు చివర. అచటి రేకు నలిగి నలిగి ఆ దెబ్బలోని శక్తిని తాను గ్రహించును. మధ్యభాగము నలుగుట తక్కువ. అయినను టాంకును మూతతో కప్పి, చోదకునికి దానికి నడుమ అడ్డు ఉంచుట మేలు.

పంపు విషయమున మరొక జాగ్రత్త కలదు. పాత యాంత్రిక పంపు ఇంజనుతో పాటు ఆగిపోవును. విద్యుత్ పంపు అట్లు కాదు. గొట్టము తెగినను అది పెట్రోలును చిమ్ముచునే ఉండగలదు. అందుచేత దాని స్విచ్చి, సహాయమునకు వచ్చినవారికి కూడ వెంటనే కనబడి, చేతికి అందునట్లు ఉండవలెను.

పందెములలో నేర్చిన ఈ పాఠము మామూలు బాటలకు ఆలస్యముగా చేరినది. అమెరికాలో 1968లో అమలులోనికి వచ్చిన ఇంధన భద్రతా నియమము కారు ముందువైపు ఢీకొనుటను మాత్రమే పరీక్షించెను. వెనుక ఇరుసునకు వెనుక టాంకు గల ఫోర్డు పింటో కార్లు వెనుకనుండి దెబ్బ తగిలి అంటుకొనుట గొప్ప వివాదమైనది. 1977 నమూనాల నుండి వెనుకవైపు పరీక్ష కూడ తప్పనిసరియైనది. 1978లో ఆ కంపెనీ పింటోతో పాటు దానివంటి బాబ్‌క్యాట్ కార్లను, మొత్తము సుమారు 15 లక్షలను, మరమ్మతునకై వెనుకకు పిలిచినది.

ఇంధనము ఎక్కడ ఉన్నది, ఎంత ఉన్నది, దెబ్బ తగిలినప్పుడు ఏమగును అను మూడు ప్రశ్నలు యుద్ధ విమానమునకు, పందెపు కారునకు, బజారులో పోవు కారునకు సమానమే. వీటిని ముందుగా అడుగుట ఇంజనీరు విధి. అడుగనిచోట ఆ ప్రశ్నలకు జవాబు మంటవలననే తెలిసినదని ఈ చరిత్ర తెలుపుచున్నది.