నాడీకణ సిద్ధాంతం: ఒక వివాద చరిత్ర

డిగ్రీలో న్యూరోసైన్స్ మొదలుపెట్టిన మీకు ఒక సందేహం రావచ్చు. మెదడును చదవడానికి రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం ఎందుకు? జవాబు ఈ శాస్త్ర చరిత్రలోనే ఉంది.

1839లో థియోడర్ ష్వాన్ జంతు శరీరం కణాలతో నిర్మితమని ప్రతిపాదించాడు. మెదడు విషయంలో మాత్రం అది తేలలేదు. సూక్ష్మదర్శిని కింద చిక్కుపడ్డ పోగులే తప్ప, ఏ పోగు ఎక్కడ ముగుస్తుందో కనిపించేది కాదు.

ఆ చిక్కును విప్పడానికి దారి చూపింది ఒక రసాయన చర్య. ఇటలీలో మిలాన్ దగ్గరి అబ్బియాటెగ్రాసో ఆసుపత్రిలో వైద్యుడైన కామిల్లో గాల్జీ వంటగదినే ప్రయోగశాలగా మార్చుకున్నాడు. మీరు ఇంటర్‌లో చదివిన గాల్జీ సంక్లిష్టం ఈయన పేరుతోనే ఉంది. పొటాషియం డైక్రోమేట్‌లో నానిన మెదడు ముక్కను సిల్వర్ నైట్రేట్‌లో ఉంచే పద్ధతిని ఆయన 1873లో ప్రకటించాడు. అప్పుడు ఏర్పడే సిల్వర్ క్రోమేట్ కొద్ది కణాలను మాత్రమే నల్లబరుస్తుంది. ఇదే దాని బలమని గమనించండి. అన్ని కణాలకూ రంగు పడితే మళ్లీ ఆ చిక్కే కనిపించేది.

స్పెయిన్‌కు చెందిన సాంటియాగో రమోన్ ఇ కహాల్ 1887లో మాడ్రిడ్‌లో ఈ పద్ధతిని చూశాడు. సైనిక వైద్యుడిగా తనకు రావలసిన జీతం బకాయిలతో సూక్ష్మదర్శిని కొనుక్కొని, ఇంట్లోనే పరిశోధన మొదలుపెట్టినవాడాయన. ఎదిగిన మెదడులో చిక్కు ఎక్కువ కనుక పిండాలను, పసి జీవులను ఎంచుకున్నాడు. పోగులు ఒకదానిలో ఒకటి కలిసిపోవనీ, ప్రతి నాడీకణం విడి కణమేననీ 1888 నుంచి వరుస వ్యాసాల్లో చూపాడు. 1891లో వాల్డేయర్ ఆ కణానికి ‘న్యూరాన్’ అని పేరు పెట్టాడు.

గాల్జీ దీన్ని ఒప్పుకోలేదు. నాడీ వ్యవస్థ తెగని వల అన్నదే ఆయన అభిప్రాయం. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సందర్భంగా చేసిన ప్రసంగంలోనూ గాల్జీ నాడీకణ సిద్ధాంతాన్ని ఖండించాడు.

ఒకే రంజన పద్ధతి వాడిన ఇద్దరు రెండు నిర్ణయాలకు ఎలా వచ్చారు? కణాల మధ్య ఖాళీ సుమారు 20 నానోమీటర్లే. కాంతి సూక్ష్మదర్శినికి అది అందదు. 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ ఖాళీని చూపాక కహాల్ వాదం స్థిరపడింది. అయితే కొన్ని చోట్ల విద్యుత్తు ఒక కణం నుంచి మరో కణానికి నేరుగా దాటే సంధులు ఉన్నాయని కూడా ఆ దశాబ్దంలోనే తెలిసింది.

వివాదాన్ని నడిపిన రంగు రసాయనశాస్త్రానిది, తేల్చిన పరికరం భౌతికశాస్త్రానిది, సరైన నమూనా పిండోత్పత్తి శాస్త్రం ఇచ్చింది. కాబట్టి ఎవరు గెలిచారో గుర్తుపెట్టుకోవడంతో ఆగకండి. ఏ ఆధారంతో, ఏ పరికరంతో, ఎంతవరకు అని ప్రతి పాఠంలోనూ అడగండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: కహాల్ ఎదిగిన మెదడుకు బదులు పిండదశను ఎందుకు ఎంచుకున్నాడు?