బాప్తీస్మ రిజిస్టరులో పేరు, సర్టిఫికెట్‌లో మతం: ఒక లూథరన్ గుడి చూశాక

పాత అనంతపురం జిల్లాలో మాలగేరిలోనో మాదిగగేరిలోనో పెరిగినవాళ్లకు 'లూథరన్' అన్నమాట దాదాపు పరాయి మాట. మావైపు ముసలివాళ్లకు తెలిసింది 'లండన్ మిషన్'. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక అదే సి.ఎస్.ఐ. అయింది. అదే గుంటూరు, పల్నాడు వైపు పోయి గూడెంలో అడిగితే 'మాది లూథరన్' అంటారు, ఇంటిపేరు చెప్పినంత తేలిగ్గా. ఈ తేడా ఎట్లా వచ్చింది? 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ ఏం వాదించాడో తెలుసుకుని మన తాతలు ఒకటి వద్దని ఇంకొకటి ఎంచుకోలేదు. ఏ దొర ఏ జిల్లాకు వచ్చాడు, వచ్చిన దొరలు తమలో తాము సరిహద్దులు ఎట్లా గీసుకున్నారు అన్నదే మన శాఖను నిర్ణయించింది. మత చరిత్ర అనుకునేదాంట్లో సగం భూగోళమే.

నిజాం 1800లో కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లోకి లండన్ మిషన్ 1810లో వచ్చింది. జాన్ హ్యాండ్స్ బళ్లారిలో దిగాడు. అప్పటికి అనంతపురం బళ్లారి కిందే ఉంది, 1882లో గానీ వేరు జిల్లా కాలేదు. హ్యాండ్స్ బైబిలును కన్నడంలోకి తెచ్చిన మనిషి. అంటే మా పీఠభూమికి మిషన్ వచ్చిన దారి తెలుగు దారి కాదు, బళ్లారి దారి. గుంటూరు కథ వేరు. జర్మనీలో పుట్టి అమెరికాలో పాస్టరైన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హెయర్ 1842 జూలై 31న అక్కడికి చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అండ ఆయనకుంది. 1849లో పల్నాడు పోయి గురజాలలో మకాం పెట్టాడు. ఆ పనే పెరిగి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం అయింది. 1947లో సి.ఎస్.ఐ.లో కలవకుండా విడిగానే ఉండిపోయింది. రాయలసీమలో లూథరన్లు అసలే లేరని కాదు. హెర్మన్స్‌బర్గ్ జర్మన్లు 1865 నుంచి సూళ్లూరుపేట మొదలుకొని తిరుపతి వైపు పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం వాళ్లను పంపించేశాక ఆ క్షేత్రం అమెరికా లూథరన్ల చేతికి పోయింది. ఆ పని సీమ తూర్పు అంచున ఆగిపోయింది. మా మెట్ట దాకా రాలేదు.

కాబట్టి నేను మొదటిసారి లూథరన్ గుడిలో అడుగుపెట్టింది ముప్పై ఏళ్లు దాటాక, పరిశోధన పని మీద, పల్నాడులో ఒక చిన్న పట్నంలో. ఊరిపేరు, గుడిపేరు రాయడం లేదు. కారణం ముందుకు పోతే తెలుస్తుంది.

'గుడి' అనే అంటున్నాను. అక్కడివాళ్లు అనేదీ అదే, మా జేజి అనేదీ అదే. చర్చి అన్నమాట చదువుకున్నాక వచ్చింది. ఊరిగుడిలోకి రానివ్వని మనుషులు తాము కట్టుకున్నదాన్ని గుడి అనే పిలుచుకున్నారు. తెలుగు నిఘంటువులు ఈ వాడుకను సరిగ్గా పట్టించుకున్నట్టు లేదు.

లోపల ఆరాధన నాకు సగం కొత్త, సగం పాత. పాస్టరుగారి అంగీ, బలిపీఠం మీద కొవ్వొత్తులు, పుస్తకంలో చూసి పాస్టరు ఒక మాట, సంఘం ఒక మాట చెప్పుకుపోయే పద్ధతి. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో పక్కనున్న పెద్దాయనను చూసి చేశాను. కీర్తన మొదలవగానే మాత్రం పరాయితనం పోయింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అన్ని శాఖలకూ ఒకటే. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన పురుషోత్తమ చౌధరి (1803–1890) కట్టిన కీర్తనలు గుత్తిలో పాడినా గురజాలలో పాడినా అవే. సిద్ధాంతం మనల్ని జిల్లాలవారీగా విడగొట్టింది, పాట కలిపి ఉంచింది.

ఆరాధన అయ్యాక పెద్దాయన అడిగాడు: "ఏ ఊరు బాబూ? ఏ సంఘం?" చెప్పాను. "సి.ఎస్.ఐ.నా? అంటే మనోళ్లేనా?" 'మనోళ్లు' అంటే క్రైస్తవులని కాదు. ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో ఇది చదివేవాళ్లకు విడమరచనక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. లూథరన్ పేరు తమిళనాట కులాన్ని ఓర్చుకున్న పేరు. 1706లో తరంగంబాడిలో మొదలైన డేనిష్-హాలే మిషన్ గుళ్లలో వెల్లాలర్లు ఒకపక్క, పరయర్లు ఇంకోపక్క కూర్చునేవాళ్లు. 1833లో ఆంగ్లికన్ బిషప్ డేనియల్ విల్సన్ గుడిలో కులభేదం ఉండకూడదని ఉత్తరువు ఇచ్చాడు. అది నచ్చని అగ్రకుల క్రైస్తవులు చాలామంది తర్వాత లైప్‌జిగ్ లూథరన్ల దగ్గరికి పోయారు. తెలుగుదేశంలో లూథరన్ గుడికి ఆ పేచీ అంతగా రాలేదు. ఎందుకంటే వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలమాదిగలే. అయితే కులం పోలేదు, గుడి లోపలి గీత కాస్తా గుళ్ల మధ్య గీత అయింది. ఒంగోలు బాప్టిస్టులంటే మాదిగలు, కడప లండన్ మిషన్ అంటే మాలలు అని స్థూలంగా అనుకునే స్థితి వచ్చింది. ఇద్దరూ ఉన్న శాఖలో కూడా ఒకే ఊళ్లో రెండు గూడేలకు రెండు గుళ్లు. దీన్ని మిషనరీల మీదకే నెట్టడం సులువు. మనవాళ్ల పాత్రనూ రాయాలి.

ఇక 'కూటికోసం మతం' అన్న పాత నింద. ధాత కరువు (1876–78) చూపించి ఇప్పటికీ ఈ మాట అంటారు. కరువే కారణమైతే కరువు ఎక్కువున్న చోట క్రైస్తవులు ఎక్కువ ఉండాలి. బళ్లారి జిల్లా, అందులో భాగంగా మా అనంతపురం, ఆ కరువులో అతి ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతం. ఈనాటికీ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అయినా క్రైస్తవుల పాలు గుంటూరు, ప్రకాశం కంటే చాలా తక్కువ. (జనాభా లెక్కల్లో మనవాళ్లు హిందువులనే రాయించుకుంటారు, అది వేరే సంగతి. వేరే ఏం కాదు, ఈ వ్యాసం సంగతే.) ఒంగోలులో జాన్ క్లౌ కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆ సహాయం నడిచినంతకాలం బాప్తీస్మాలు ఆపేశాడు. తర్వాతే, 1878 జూలై 3న, ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య తనంతట తాను వెతుక్కుని వచ్చి బాప్తీస్మం తీసుకున్నాడు. అప్పుడు ఏ గంజికేంద్రం ఉంది?

ఈ వాదనలకు అసలు సాక్ష్యం ఎక్కడుంటుందంటే, గుడిలో ఉండే బాప్తీస్మ రిజిస్టరులో. రైత్వారీ లెక్కల్లో పట్టా ఉన్నవాడి పేరే ఉంటుంది. ఇనాం రికార్డుల్లో తలారి, వెట్టి, నీరుగంటి పేర్లు కొన్ని దొరుకుతాయి, అవీ మగవాళ్లవే. పోలీసు కాగితాల్లో ముద్దాయిగా దొరుకుతాం. కూలిచేసుకునే మాదిగామె పేరు, ఆమె తల్లిపేరు, ఊరు, తేదీ వేసి ఒకచోట రాసిపెట్టింది పాదిరి రాసిన పుస్తకమే. నేను చూసిన రిజిస్టరులో భార్య పేరు భర్త పేరు కింద అణిగిపోలేదు, తన వరుస తనకుంది. మిషనరీ ఉత్తరాల్లో దొర గొంతు వినపడుతుంది. ఈ పుస్తకంలో మాత్రం ఎవరొచ్చారు, ఎవరితో కలిసి వచ్చారు, ఏ ఊరు మొత్తంగా వచ్చింది, ఏ ఇల్లు రాలేదు అన్నది కనపడుతుంది.

కానీ ఈ పుస్తకమే మనకు శత్రువైన కాగితం కూడా. 1936 ఉత్తరువే ఇండియన్ క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లోంచి తీసేసింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తరువు మూడో పేరా హిందువు కానివాడు ఎస్.సి. కాడంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు. క్రైస్తవులకూ ముస్లింలకూ లేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్.సి.లకు దొరికింది బి.సి.-సి, ఒక్క శాతం. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో, క్రైస్తవులైన మాదిగ దంపతుల కొడుకు హిందూమతంలోకి వచ్చి సీటు అడిగితే సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది. కులంవాళ్లు ఒప్పుకుంటే పాత కులంలోకి రావచ్చంది. అంటే కులం ఎక్కడికీ పోలేదనే కదా కోర్టు అన్నది! 1985లో సూసై కేసులో మాత్రం, మతం మారినా అవే బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువులు చూపించాలంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరా తీసేయమంది, తీయలేదు. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరు 26న పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో సుప్రీంకోర్టు ఎస్.సి. సర్టిఫికెట్ నిరాకరించింది. ఆమె పసిబిడ్డగా పొందిన బాప్తీస్మం రికార్డు అందులో సాక్ష్యంగా నిలబడింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, గుంటూరు ప్రాంతపు పాస్టరు ఒకరు పెట్టిన అట్రాసిటీ కేసు చెల్లదంది. ఆయన దగ్గర ఎస్.సి. సర్టిఫికెట్ ఉన్నా లాభం లేకపోయింది. కులంపేరుతో తిట్టేవాడు, కొట్టేవాడు ముందు బాప్తీస్మ రిజిస్టరు చూసి తిట్టడు, కొట్టడు గదా.

అందుకే రిజిస్టరు అడిగినప్పుడు సంఘపెద్దలు నా ముఖంలోకి చూసి "ఎవరు పంపించారు బాబూ నిన్ను?" అన్నారు. యూనివర్సిటీ ఉత్తరం చూపించాను. దానివల్ల అనుమానం పెరిగిందే గానీ తగ్గలేదు. మా ఇంట్లో కూడా జేజికి కీర్తనలు నోటికొచ్చు, నా స్కూలు రికార్డులో మతం గడిలో హిందూ అని ఉంటుంది అని చెప్పాక ఒకాయన నవ్వాడు. కుర్చీ వేశారు.

చివరికి షరతు పెట్టారు. సంవత్సరాలు రాసుకోవచ్చు, ఊళ్లు రాసుకోవచ్చు, మగ ఎంతమంది ఆడ ఎంతమంది రాసుకోవచ్చు, పేర్లు రాసుకోకూడదు, ఫొటో తీయకూడదు. ఒప్పుకున్నాను. కరణం పేరు, రెడ్డి పేరు, కలెక్టరు పేరు చెన్నపట్నం కాగితాల్లోంచి నిశ్చింతగా ఎత్తి రాసుకున్న నా నోటుబుక్కులో, ఆ గుడికి మొదట వచ్చిన మనుషులు అంకెలుగా ఉన్నారు.