64 కిలోల నుంచి 4 కిలోలకు: గొలుసు రంపం పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి ఇంటితోపాటు పెరటి చెట్లూ వస్తాయి. గాలివానకు ఓక్ కొమ్మ విరిగి వాకిట్లో అడ్డంగా పడ్డ రోజున గరాజ్‌లో మూల పడి ఉన్న పాత రంపం బయటికొస్తుంది. తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు. స్టార్ట్ అయినా కోయదు. కొత్తది కొందామని దుకాణానికి వెళ్తే అంగుళాలు, సీసీలు, వోల్టులు అంటూ అంకెలు వల్లిస్తారు. ఏది కొనాలో తేల్చుకోవడానికి ఆ అంకెలకన్నా ఈ పనిముట్టు చరిత్రే ఎక్కువ అక్కరకొస్తుంది. ఇవాళ్టి చిన్న రంపంలోని ముఖ్యమైన భాగాలన్నీ ఎవరి చేతులో పడిన బాధను చూసి వచ్చి చేరినవే.

గొలుసు రంపం పురిటి గదిలో పుట్టిందన్న మాట ఈమధ్య బాగా ప్రచారంలో ఉంది. అందులో సగం నిజం ఉంది. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లాండ్ వైద్యులు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే పళ్ళున్న సన్నని గొలుసును తయారు చేయించారు. రెండు చివర్లా పిడులుండేవి. కాన్పు కష్టమైనప్పుడు కటి ఎముకల మధ్య కీలును కోయడానికి, కుళ్ళిన ఎముకను తీసెయ్యడానికి దాన్ని అటూ ఇటూ లాగేవారు. 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె ఒక పట్టీ చుట్టూ గొలుసు తిరిగేలా, చేత్తో తిప్పే ఎముకల రంపం చేశాడు. చూడటానికి ఇది నేటి రంపానికి దగ్గరే. కానీ అడవిలోకి వచ్చిన రంపానికి అవసరం వేరు, చేసినవాళ్ళు వేరు. అందుకే ఈ రెంటినీ ఒకే వంశంగా చెప్పడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

అడవి రంపం కథ కాలిఫోర్నియా రెడ్‌వుడ్ మానుల దగ్గర మొదలవుతుంది. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని రోజుల తరబడి కోస్తే తప్ప కూలని చెట్లవి. వాటి కోసమే శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన శామ్యూల్ బెన్స్ 1905లో అంతులేని గొలుసు రంపానికి పేటెంటు పొందాడు. అయితే అడవిలోకి మోసుకెళ్ళగలిగే యంత్రం రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే దుంగకోత రంపం చేశాడు. దాని బరువు 64 కిలోలు! ఆ మరుసటి ఏడాదే ఎమిల్ లెర్ప్ థురింజియాలోని డోల్మార్ కొండ మీద పెట్రోల్ రంపాన్ని నడిపి చూపించి, ఆ కొండ పేరే తన కంపెనీకి పెట్టుకున్నాడు. 1929లో స్టీల్ తెచ్చిన పెట్రోల్ రంపం 46 కిలోలు తూగేది. దాన్నీ ఇద్దరు పట్టుకోవాల్సిందే.

బరువు ఒక్కటే కాదు, కార్బొరేటర్‌తోనూ ఇబ్బందే. లోపల తేలే బెండుతో పెట్రోల్ మట్టం నిలిపే పాత కార్బొరేటర్ నిటారుగా ఉంటేనే పనిచేసేది. రంపాన్ని పక్కకు వంచితే ఇంజను ఆగిపోయేది. బెండుకు బదులు పల్చని పొర ఉన్న కార్బొరేటర్ వచ్చాక, 1950లనాటికి, ఎటు తిప్పినా ఆగని రంపాలు తయారయ్యాయి. ఒక్క మనిషి పట్టుకోగలిగే పెట్రోల్ రంపాలూ ఆ రోజుల్లోనే నిలదొక్కుకున్నాయి. 1950 నాటి స్టీల్ రంపం 16 కిలోలు.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది మాత్రం గొలుసు పన్ను కథ. తొలినాళ్ళలో గొలుసు పళ్ళు చేతిరంపం పళ్ళలా సూదిగా ఉండి కర్రను గీకేవి. త్వరగా మొద్దుబారేవి, ఆకురాయితో తరచూ పదును పెట్టాల్సొచ్చేది. 1946లో ఒరెగాన్‌లో అడవి పని చేసుకునే జోసెఫ్ కాక్స్ ఒక మొద్దులో కర్రను తొలిచేస్తున్న పెంకుపురుగు పిల్లను గమనించాడు. పొడుగు వాటమా, అడ్డమా అని చూడకుండా, కుడికీ ఎడమకీ దవడలాడిస్తూ అది చకచకా దారి చేసుకుపోతోంది. ఆ దవడల వంపునే కాక్స్ ఉక్కులో తీర్చాడు. కుడివైపు ఒక పన్ను, ఎడమవైపు ఒక పన్ను, ప్రతి పన్ను ముందూ కోత లోతును అదుపుచేసే చిన్న బొడిపె. 1947లో పోర్ట్‌లాండ్‌లో ఆయన అమ్మకం మొదలుపెట్టిన ఈ గొలుసే, కొద్దిపాటి మార్పులతో, నేటికీ ప్రపంచమంతా తిరుగుతోంది. పాత రంపం కోయడం మానేసిందంటే సాధారణంగా తప్పు ఇంజనుది కాదు, ఆ పన్నుది. కోతలో పలుకులకు బదులు మెత్తని పొట్టు రాలుతుంటే గొలుసు మొద్దుబారిందని అర్థం. కొత్త రంపం కొనేముందు కొత్త గొలుసు వేసి చూడండి.

ఇళ్ళలోకి రంపం వచ్చిన మలుపు 1963. ఆ ఏడాది హోమ్‌లైట్ కంపెనీ తెచ్చిన ఎక్స్‌ఎల్-12 రంపం ఇంజను బరువు 12 పౌండ్లు, అంటే అయిదున్నర కిలోలు. 1973లో చమురు ధరలు మండిపోవడంతో అమెరికన్లు చలికాలానికి కట్టెల పొయ్యిల వైపు మళ్ళారు. అడవి పని ఎరగనివాళ్ళ చేతుల్లోకి రంపాలు చేరాయి, గాయాలూ పెరిగాయి.

వాటిలో ప్రాణాంతకమైనది బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీ) కొన దెబ్బ. గొలుసు తిరుగుతుండగా బార్ కొన పైభాగం కర్రకు తగిలిందా, రంపం రెప్పపాటులో ఎగిరి కోసేవాడి మొహం మీదికి వస్తుంది. దాన్ని ఆపేదే చైన్ బ్రేక్. ముందు పిడి దగ్గరి అడ్డుపట్టీకి చెయ్యి తగలగానే గొలుసు క్షణంలో నిలిచిపోతుంది. 1972–73లో స్టీల్, హస్క్‌వర్నా కంపెనీల రంపాలకు ఇది వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందే ఇంజనుకూ పిడికీ మధ్య రబ్బరు దిమ్మెలు వేశారు. ఏళ్ళ తరబడి ఇంజను అదురుడుకు రక్తప్రసరణ దెబ్బతిని, కట్టెకోత కార్మికుల వేళ్ళు తెల్లబారిపోయేవి మరి. ఈ రెండూ లేని రంపం ఎంత బాగా నడుస్తున్నా పక్కన పెట్టెయ్యాల్సిందే.

ఇవాళ ఇంటికి సరిపడే పెట్రోల్ రంపం ఇంజను 30 నుంచి 40 సీసీ, బరువు బార్ లేకుండా సుమారు 4 కిలోలు. బార్ 14 నుంచి 16 అంగుళాలు చాలు. పొడుగు బార్ కొంటే లాభం కన్నా అలసటే ఎక్కువ. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే వాడేవాళ్ళకు లిథియం బ్యాటరీ రంపమే మేలని నా అభిప్రాయం. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలల తరబడి నిలవుండి కార్బొరేటర్‌ను చెడగొట్టే బాధ దానికి లేదు. కాలిఫోర్నియాలో 2024 మోడళ్ళ నుంచి 45 సీసీ లోపు కొత్త రంపాలకు పొగ రాకూడదన్న నిబంధన కూడా ఉంది. అయితే బ్యాటరీ రంపానికీ గొలుసు నూనె పొయ్యాలి, దాని బార్ కొనా అంతే ప్రమాదం.

మన దగ్గరా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేశాక రోడ్ల మీది చెట్లను తొలగించింది ఈ రంపాలతోనే. ఆ తర్వాత మన తోటల్లోనూ ఇవి మామూలైపోయాయి. అక్కడైనా ఇక్కడైనా నేను చెప్పేది ఒకటే. దుకాణంలో ముందు చైన్ బ్రేక్ వేసి తీసి చూపించమనండి. పొడుగు బార్‌కు పెట్టే డబ్బుతో హెల్మెట్, కాళ్ళకు రక్షణ తొడుగు కొనండి. బ్రేక్ లేని పాత రంపాన్ని చవగ్గా వస్తోంది కదా అని ఎవరికీ అమ్మకండి, ఊరికే ఇవ్వకండి. గొలుసు ఊడదీసి తుక్కుకు వేసెయ్యండి.