వెస్ట్రే - పాపా వెస్ట్రే విమాన మార్గము

వెస్ట్రే - పాపా వెస్ట్రే విమాన మార్గము ప్రపంచములోనే అతి తక్కువ దూరము ప్రయాణించు షెడ్యూల్డు విమాన మార్గము. ఇది స్కాట్లాండు ఉత్తర దిశన ఉన్న ఆర్క్నీ ద్వీపసమూహములోని వెస్ట్రే, పాపా వెస్ట్రే అను రెండు చిన్న ద్వీపములను కలుపుచున్నది. ఈ రెండు విమానాశ్రయముల మధ్య దూరము సుమారు 2.7 కిలోమీటర్లు (1.7 మైళ్ళు). ఎడిన్‌బరో విమానాశ్రయపు రన్‌వే పొడవు కూడా దాదాపు ఇంతే. లోగన్‌ఎయిర్ సంస్థ ఈ సేవను 1967లో ప్రారంభించినది.

దూరము

విమానాశ్రయముల మధ్య దూరమును భూగోళ ఉపరితలముపై అతి దగ్గరి దారి ప్రకారము లెక్కించెదరు. పాపా వెస్ట్రే, వెస్ట్రేకు తూర్పున ఉన్నది. రెండింటి మధ్య సన్నని సముద్రపు పాయ కలదు. ఆర్క్నీ ముఖ్య పట్టణమైన కిర్క్‌వాల్ నుండి వెస్ట్రేకు వాయుమార్గమున సుమారు 44 కిలోమీటర్లు. కిర్క్‌వాల్ నుండి బయలుదేరిన విమానము సాధారణముగా ఈ రెండు ద్వీపములలో దిగి తిరిగి కిర్క్‌వాల్ చేరును. అందువలన ఈ చిన్న ప్రయాణము ఒక పెద్ద మార్గములోని భాగము మాత్రమే.

ప్రయాణ కాలము

టైంటేబుల్‌లో ఈ ప్రయాణమునకు 2 నిమిషములు కేటాయించబడినవి. గాలి అనుకూలించినపుడు ఒక నిమిషము లోపే గమ్యము చేరవచ్చును. ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ సమయము 53 సెకండ్లు. ఈ రికార్డు పైలట్ స్టూవర్ట్ లింక్‌లేటర్ పేరున ఉన్నది.

2.7 కిలోమీటర్లను 2 నిమిషములలో దాటిన సగటు వేగము గంటకు 81 కిలోమీటర్లు. 53 సెకండ్లలో దాటిన సుమారు 183 కిలోమీటర్లు. దూరము మారకున్నను కాలము మారుటకు ముఖ్య కారణము గాలి. విమానము గాలికి ఎదురుగా లేచి, ఎదురుగానే దిగవలెను. కావున గాలి దిశను బట్టి గమ్యమునకు వ్యతిరేక దిశలో లేచి, చుట్టు తిరిగి రావలసి యుండును. దూరపు ప్రయాణములలో ఈ కొద్దిపాటి మలుపులు లెక్కకు రావు, ఇచ్చట మాత్రము ప్రయాణ కాలమును రెట్టింపు చేయగలవు.

విమానము

ఈ మార్గములో బ్రిటన్-నార్మన్ ఐలాండర్ రకపు విమానమును వాడుదురు. ఈ రకపు విమానము మొదట 1965లో ఎగిరినది. దీనికి రెండు ప్రొపెల్లర్ ఇంజనులు ఉండును. పైలట్ కాక ఎనిమిది మంది ప్రయాణించవచ్చును. ఒకరు పైలట్ ప్రక్కనే కూర్చొందురు. పొట్టి రన్‌వేలపై లేవగలుగుట, దిగగలుగుట దీని ప్రత్యేకత.

ప్రాముఖ్యత

2011 జనాభా లెక్కల ప్రకారము పాపా వెస్ట్రే జనాభా 90 మాత్రమే. వెస్ట్రే జనాభా 588. రెండు ద్వీపముల మధ్య పడవ ప్రయాణమునకు సుమారు 25 నిమిషములు పట్టును. శీతాకాలమున పెనుగాలులు వీచునపుడు సముద్ర ప్రయాణము కష్టమగును. ఉన్నత విద్యకై కిర్క్‌వాల్ వెళ్ళు విద్యార్థులకు, ఆసుపత్రి అవసరమైన రోగులకు, ద్వీపములకు వచ్చి పోవు ఉపాధ్యాయులకు, వైద్యులకు ఈ విమానము ఆధారము. రికార్డు కొరకు వచ్చు పర్యాటకులకు ఇది వింత అయినను, ద్వీపవాసులకు ఇది ఊరి బస్సు వంటిది. ప్రయాణికులు తక్కువగా ఉండుటచే కేవలము టిక్కెట్ల ఆదాయముతో ఇట్టి మార్గములు నడువవు. అందుచే ఆర్క్నీ స్థానిక ప్రభుత్వము ప్రజాసేవా ఒప్పందము ద్వారా దీనికి ఆర్థిక సహాయము చేయుచున్నది.

పాపా వెస్ట్రేలో నాప్ ఆఫ్ హోవర్ అను రాతి ఇండ్లు ఉన్నవి. ఐదు వేల సంవత్సరములకు పైబడిన ఈ ఇండ్లు ఉత్తర ఐరోపాలో నిలిచియున్న అతి ప్రాచీన గృహములలోనివి.